కివీ అంటే పిట్టా, పండా, మనిషా?

న్యూజిలాండ్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న: "ఆఫీసులో వీళ్ళని కివీలు అనొచ్చా? తప్పుగా అనుకోరు కదా?" టెన్షన్ వద్దు, అనండి. ఇక్కడివాళ్ళు తమ గురించి తాము ఇష్టంగా చెప్పుకునే మాటే అది.

మాట మావోరి భాషది. కివీ అనేది రాత్రిపూట తిరిగే, ఎగరలేని పిట్ట. కావుకావుమనేదాన్ని మనం కాకి అన్నట్టే, దాని కూతను బట్టే ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది చెప్తారు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి ఆ పిట్ట బొమ్మ ఇక్కడి సైనిక దళాల బ్యాడ్జీల మీదకెక్కింది. 1906లో మెల్‌బోర్న్‌లో విలియం రామ్సే బూట్ పాలిష్ తయారుచేసి, భార్యది న్యూజిలాండ్ కాబట్టి దానికి కివీ అని పేరు పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఇక్కడి సైనికులనే కివీలు అనడం మొదలైంది. యుద్ధం అయిపోయినా ఓడలు దొరక్క, ఇంటికి వెళ్ళలేక, వాళ్ళు ఇంగ్లండ్‌లోని బుల్‌ఫోర్డ్ దగ్గరే ఉండిపోయారు. 1919లో అక్కడి సుద్దగుట్టను చెక్కి పెద్ద కివీ బొమ్మ చేశారు. అది ఇప్పటికీ ఉంది. ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళు చేసిన పని కదా, తలుచుకున్నప్పుడల్లా నా మనసు కరుగుతుంది.

పండుకి ఆ పేరు చాలా తర్వాత, 1959లో, ఎగుమతి కోసం పెట్టారు. అంతకుముందు దాన్ని చైనీస్ గూస్‌బెర్రీ అనేవాళ్ళు. దుకాణంలో మాత్రం "కివీఫ్రూట్" అని పూర్తిగా అడగండి. ఇక్కడ ఉత్త "కివీ" అంటే పిట్ట, లేదా మనిషి.

కివీ అన్నా, మావోరి అన్నా ఒకటే అనుకోకండి. ఏ జాతివారైనా ఈ దేశస్థులంతా కివీలే. మావోరిలు ఈ నేల తొలి ప్రజలు. మావోరి అన్న మాటకి "మామూలు, సహజం" అని అర్థం. "వై మావోరి" అంటే ఉప్పునీళ్ళు కానివి, మన మంచినీళ్ళు. యూరప్‌వాళ్ళు వచ్చాక, వాళ్ళని పాకెహా అంటూ, తమని మావోరి అని చెప్పుకున్నారు. అంతకుముందు ఎవరి తెగ పేరు వారిదే. తెగని "ఇవీ" అంటారు. మీతో పనిచేసే మావోరివారు ఎవరైనా తమ ఇవీ పేరు చెప్తే శ్రద్ధగా వినండి. పలకడం రాకపోతే మళ్ళీ ఒకసారి చెప్పమని అడగండి, సంతోషంగా నేర్పిస్తారు.