ఎంటర్ కొట్టిన చోటే సంతకం చెడుతోంది

ఈ నెల కంప్యూటరు ప్రశ్నల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఐదూ డిజిటల్ సంతకాల గురించే. ఒకదాని జవాబు ఇంకొకరికీ పనికొస్తుందని అన్నింటినీ ఒకేచోట ఇస్తున్నాం.

ప్రశ్న: జీడిపప్పు ధరల పట్టీని నోట్‌ప్యాడ్‌లో టైపు చేసి, జీపీజీ అనే సంతకాల సాఫ్ట్‌వేర్‌తో విడి సంతకం (వేరే ఫైలుగా) తీసి, రెండు ఫైళ్లూ కొనుగోలుదారుకు పంపుతాం. మా విండోస్ కంప్యూటర్లో సరిచూస్తే సంతకం మంచిదే అంటుంది. అవతలివారి లినక్స్‌లో మాత్రం 'బ్యాడ్ సిగ్నేచర్' అని వస్తోందట. రెండు పట్టీలనూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చాం, తేడా లేదండీ. ఎక్కడ పోతోంది?
– ఒక వ్యాపారి, పలాస

జవాబు: అక్షరాల్లో తేడా లేదన్నారు కాబట్టి, అనుమానించాల్సింది ఎంటర్ కొట్టిన చోటుని. ఒక లైనులో 'ధర' అని రాసి ఎంటర్ కొట్టారనుకోండి. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, అంటే 'ధర'కు 6. లినక్స్ ఎంటర్‌కు లైన్ ఫీడ్ అనే ఒకే బైటు పెడుతుంది. దాన్ని ఎల్‌ఎఫ్ అంటారు, విలువ 10. మొత్తం 7 బైట్లు. విండోస్ దానికి ముందు క్యారేజ్ రిటర్న్ అనే ఇంకో బైటు కూడా పెడుతుంది. అది సీఆర్, విలువ 13. మొత్తం 8. టెలిప్రింటర్ల కాలంలో ముద్రించే తలను ఎడమ అంచుకు తేవడానికి ఒక ఆదేశం, కాగితాన్ని ఒక లైను పైకి జరపడానికి ఇంకో ఆదేశం ఉండేవి. ఆ జంటే విండోస్‌లో ఇంకా బతికుంది.

తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. సంతకం మాత్రం బైట్ల మీద పడుతుంది. ముందు ఫైలంతటికీ ఎస్‌హెచ్‌ఏ-256 లాంటి పద్ధతిలో 256 బిట్ల సారాంశం తీసి, దాని మీద సంతకం చేస్తారు. ఒక్క బైటు మారినా ఆ బిట్లలో దాదాపు సగం తారుమారవుతాయి. అందువల్ల చిన్న తేడాయే కదా అని సంతకం సర్దుకుపోదు.

దారిలో ఈ బైట్లను మార్చేవి చాలా ఉన్నాయి. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీలో టెక్స్ట్ కోసం వాడే ఆస్కీ మోడ్ అలాంటిదే. అవతలివారు ఫైలు తెరిచి ఊరికే సేవ్ చేసినా, మెసేజీలోంచి కాపీ చేసుకుని కొత్త ఫైల్లో అతికించినా మారిపోవచ్చు. రోగం ఏదో తేల్చడానికి రెండు చోట్లా ఫైలు సైజును బైట్లలో చూడండి. పట్టీలో 42 లైన్లుండి, తేడా సరిగ్గా 42 బైట్లయితే లైను చివరలే కారణం కావచ్చు. తేడా 3 బైట్లయితే ఫైలు మొదట్లో 239, 187, 191 అనే బీఓఎం గుర్తు (ఫైలు ఏ యూనికోడ్ పద్ధతిలో ఉందో చెప్పేది) చేరిందో, పోయిందో చూడండి. ఈ రెండూ కాకపోతే ధరే మారిందేమోనని అనుమానించి, ఆ పట్టీ మీద లావాదేవీ ఆపి, మళ్లీ తెప్పించుకోమనండి. 'బ్యాడ్ సిగ్నేచర్' వచ్చిన ప్రతిసారీ 'ఆఁ, లైన్ల గొడవేలే' అనుకోవడం అలవాటైతే సంతకానికే విలువ ఉండదు.

ఇక మందు. సంతకానికి ముందే లైను చివరలన్నీ ఎల్‌ఎఫ్‌గా మార్చండి. డాస్‌టుయూనిక్స్ అనే చిన్న పనిముట్టు ఆ పని చేస్తుంది, మామూలుగా బీఓఎంనూ తీసేస్తుంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, వీఎస్ కోడ్ లాంటి ఎడిటర్లలో కింద కుడివైపు ప్రస్తుతం ఏ రకం ఉందో కనిపిస్తుంది, అక్కడే మార్చుకోవచ్చు. మార్చి, సేవ్ చేసి, ఫైలు మూసేసి, ఆ తర్వాతే సంతకం చేయండి. ఇక దాన్ని మళ్లీ తెరవొద్దు. ధరల ఫైలునీ సంతకం ఫైలునీ కలిపి జిప్ చేసి పంపండి, దారిలో ఎవరూ లైన్లు సర్దే అవకాశం ఉండదు.

జీపీజీలోనే ఇంకో దారి ఉంది. సంతకం చేసేటప్పుడు టెక్స్ట్‌మోడ్ అనే ఆప్షన్ ఇస్తే, జీపీజీ పాటించే ఓపెన్‌పీజీపీ ప్రమాణం ప్రకారం లైను చివరలన్నీ సీఆర్-ఎల్‌ఎఫ్ అనుకుని లెక్క కడుతుంది, సరిచూసేటప్పుడూ అంతే చేస్తుంది. మీ పట్టీకి ఇది చాలు. పాఠాన్నీ సంతకాన్నీ ఒకే టెక్స్ట్ ఫైల్లో పెట్టే క్లియర్ సైన్ పద్ధతి జోలికి మాత్రం వెళ్లొద్దు. అందులో లైను చివరి స్పేసులు, ట్యాబులు సంతకం లెక్కలోకి రావు.

ప్రశ్న: మా ప్రాజెక్టులో టెక్స్ట్ పత్రాల మీద పైథాన్‌తో సంతకం చేయిస్తున్నాం. ముందుగా ఎల్‌ఎఫ్ ఉన్న చోటల్లా దాని ముందు సీఆర్ చేర్చుతున్నాం. కొన్ని ఫైళ్లకు సంతకం కుదురుతోంది, కొన్నింటికి కుదరడం లేదు. అసలు ఎల్‌ఎఫ్ మంచిదా, సీఆర్-ఎల్‌ఎఫ్ మంచిదా?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, విజయనగరం

జవాబు: అప్పటికే సీఆర్-ఎల్‌ఎఫ్ ఉన్న ఫైలుకు మీ కోడు తగిలితే సీఆర్-సీఆర్-ఎల్‌ఎఫ్ అవుతుంది. కుదరనివి అవే. వరుస ఇలా ఉండాలి. మొదట సీఆర్-ఎల్‌ఎఫ్ జంటలన్నీ ఎల్‌ఎఫ్ చేయాలి. ఆ తర్వాత ఒంటరిగా మిగిలిన సీఆర్‌లను ఎల్‌ఎఫ్ చేయాలి, ఓఎస్ టెన్‌కు ముందటి మ్యాక్ ఫైళ్లలో ఇవి ఉంటాయి. సీఆర్-ఎల్‌ఎఫే కావాలనుకుంటే చివర్లో ఎల్‌ఎఫ్‌లన్నింటినీ జంటలు చేసుకోవచ్చు. మొదటి రెండు మెట్లు తారుమారైతే ప్రతి జంటా రెండు ఎల్‌ఎఫ్‌లై లైన్ల మధ్య ఖాళీ లైన్లు పుట్టుకొస్తాయి. మీ పాత కోడు ఇప్పటికే చెడగొట్టిన ఫైళ్లకూ ఇదే గతి, కాబట్టి వాటిని బాగుచేయబోకుండా అసలు ప్రతుల నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

ఓపెన్‌పీజీపీ టెక్స్ట్ సంతకం, మెయిళ్ల మీద చేసే ఎస్‌మైమ్, డీకిమ్ సంతకాలు సీఆర్-ఎల్‌ఎఫ్‌నే ప్రామాణికంగా తీసుకుంటాయి. మీరే సొంతంగా ఒక పద్ధతి పెట్టుకుంటే ఎల్‌ఎఫ్ పెట్టుకోండి, తప్పులకు చోటు తక్కువ. ఏది పెట్టుకున్నా పత్రంలో రాసి ఉంచండి. చివరి లైను తర్వాత ఎల్‌ఎఫ్ ఉండాలా వద్దా అన్నదీ అక్కడే తేల్చేయండి. ఈ ఒక్క బైటు దగ్గర చాలామంది బోల్తాపడతారు.

ఫైలును బైనరీ మోడ్‌లో తెరవండి. పైథాన్ టెక్స్ట్ మోడ్ చదివేటప్పుడు తనంతట తాను అన్నింటినీ ఎల్‌ఎఫ్ చేస్తుంది, విండోస్‌లో రాసేటప్పుడు మళ్లీ సీఆర్ చేరుస్తుంది. మీరు సంతకం చేసింది ఒకటి, డిస్కు మీద పడింది ఇంకొకటి అవుతుంది. స్ప్లిట్‌లైన్స్‌తో ముక్కలు చేసి కలిపే పద్ధతీ వద్దు. టెక్స్ట్ స్ట్రింగుల మీద అది సీఆర్, ఎల్‌ఎఫ్‌లతో పాటు ఫారమ్ ఫీడ్ లాంటి ఇతర గుర్తుల దగ్గరా కోస్తుంది.

ముందుగా అంతా యూటీఎఫ్-8లోకి తెచ్చుకోండి. ఇది తెలుగువాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన సంగతి. యూనికోడ్‌లో 'ఊ' అక్షరం సంఖ్య హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) 0సీ0ఏ. యూటీఎఫ్-16 అనే ఇంకో పద్ధతిలో ఇది రెండు బైట్లు, వాటిలో ఒకటైన 0ఏ అచ్చంగా 10, అంటే ఎల్‌ఎఫ్ విలువే. అలాంటి ఫైల్లో బైట్ల స్థాయిలో ఎల్‌ఎఫ్ కోసం వెతికితే 'ఊరు'లోని 'ఊ' దగ్గర సీఆర్ దూరి, అక్కడినుంచి పాఠమంతా చెత్త అవుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాల బైట్లన్నీ 128, అంతకు పైనే ఉంటాయి కాబట్టి ఆ భయం లేదు.

పరీక్ష కోసం ఒకే పాఠాన్ని ఎల్‌ఎఫ్‌తో, సీఆర్-ఎల్‌ఎఫ్‌తో, రెండూ కలగలిపి మూడు ఫైళ్లు చేయండి. మీ కోడు దాటాక మూడింటికీ ఒకే 64 అంకెల హెక్స్ సారాంశం రావాలి. బయటికి వచ్చిన పాఠాన్ని మళ్లీ అదే కోడులోంచి పంపినా మారకూడదు.

ప్రశ్న: స్క్రిప్టులనూ వాటి విడి సంతకాలనూ గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్) ఉంచాం. విండోస్‌లో క్లోన్ చేస్తే (మొత్తం ప్రతి దింపుకుంటే) స్క్రిప్టుల సంతకాలన్నీ తప్పు అంటోంది, కమిట్ల (నమోదైన మార్పుల) సంతకాలు మాత్రం సరే అంటోంది. ఇదేం వింత?
– బొబ్బిలి

జవాబు: కమిట్ సంతకం గిట్ లోపల దాచిన కమిట్ వస్తువు మీద ఉంటుంది, మీ ఫోల్డరులోకి దిగిన ఫైలుతో దానికి పని లేదు. ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ అనే గిట్ సెట్టింగు ట్రూ అని ఉన్న యంత్రంలో ఫైలు దిగేటప్పుడు ఎల్‌ఎఫ్ కాస్తా సీఆర్-ఎల్‌ఎఫ్ అవుతుంది, విడి సంతకం అక్కడ దెబ్బతింటుంది. ఒక్కొక్కరి యంత్రంలో సెట్టింగు మార్చమని బతిమాలే బదులు గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైల్లో స్క్రిప్టులకు ఇఓఎల్ (లైను చివర) విలువ ఎల్‌ఎఫ్ అనీ, సంతకం ఫైళ్లు బైనరీ అనీ రాయండి. గిట్ యాడ్‌కు రీనార్మలైజ్ ఆప్షన్ ఇచ్చి కమిట్ చేసి, కొత్తగా క్లోన్ చేసి చూడండి. అయినా తప్పంటే ఆ సంతకం మొదట్లోనే విండోస్ ప్రతి మీద చేసినదై ఉండొచ్చు, తిరిగి చేయాల్సిందే.

ప్రశ్న: డీఎస్‌సీ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్) టోకెన్‌తో పీడీఎఫ్‌ల మీద సంతకాలు చేస్తుంటాను. వాటికీ ఈ మార్పులు చేయాలా?
– శ్రీకాకుళం

జవాబు: వద్దు. పీడీఎఫ్ బైనరీ ఫైలు. లోపలి భాగాలు ఎన్నో బైటు దగ్గర మొదలవుతాయో లెక్క రాసుకుంటుంది. ఒక్క సీఆర్ చేర్చినా సంతకంతో పాటు ఆ లెక్కా తప్పుతుంది.

ప్రశ్న: గ్రంథాలయం పుస్తకాల జాబితా ఇద్దరం టైపు చేశాం. లైను చివరలు ఒకటే చేశాం, బీఓఎం తీసేశాం, అయినా ఇద్దరి ఫైళ్ల సారాంశాలు కలవడం లేదు.
– చీపురుపల్లి

జవాబు: ఐత్వం చూడండి. 'పైడితల్లి' అన్న మాటలో 'పై'ని రెండు రకాలుగా దాచవచ్చు. ఐత్వం ఒకే గుర్తుగా ఉంటే మాట మొత్తం 9 గుర్తులు, 27 బైట్లు. ఎత్వం, దాని కింద ఐత్వపు తోక విడివిడిగా ఉంటే 10 గుర్తులు, 30 బైట్లు. అచ్చులో రెండూ ఒకటే. లైను చివరలు సర్దే ముందు పాఠాన్ని యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చండి, రెండోది మొదటిదిగా మారుతుంది. ఎన్‌ఎఫ్‌సీ తర్వాతా తేడా ఉంటే 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల మధ్య అక్షరాలు కలవకుండా ఆపే, కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తును ఒకరు పెట్టి ఇంకొకరు వదిలేసి ఉంటారు. దాన్ని ఎన్‌ఎఫ్‌సీ ముట్టుకోదు. ఫైలంతటా ఒక్క దెబ్బకు తుడిచేస్తే 'సాఫ్ట్వేర్' అని వత్తులు కలిసిపోతాయి, కాబట్టి ఏ మాటకు ఉండాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోక తప్పదు.