జనగణనకు వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

2027 జనగణనకు నిన్ను ఇంటింటికీ తిరిగి వివరాలు రాసే ఎన్యూమరేటరుగా వేశారని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు ఒకపక్క గర్వంగానూ, మరోపక్క దిగులుగానూ ఉంది. 2021లో జరగవలసిన లెక్క కరోనా వల్ల ఆగిపోయింది కనుక, 2011 తర్వాత మన పల్లెల జనాన్ని మళ్ళీ లెక్కపెట్టడం ఇదే మొదటిసారి.

ఆ వివరాలు ఎక్కించే యాప్ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఎండ ముదరకముందే బయలుదేరు. పుట్టిన ఏడాది తెలియని పెద్దవాళ్ళను, 1989 నవంబరులో కావలి దగ్గర తుఫాను తీరం దాటిన నాటికి పెద్దబిడ్డ ఎంతవాడో అడిగితే వయసు దగ్గరగా తేలుతుంది. వివరాలు చెబితే పింఛను పోతుందని భయపడేవారికి, 1948 నాటి జనగణన చట్టం ఆ వివరాలను గోప్యంగా ఉంచుతుందని ఓపికగా చెప్పు. పొద్దున్నే కలుపుకు పోయి వచ్చి గేదెలు చూసుకునే ఇల్లాలి గురించి ఇంటాయన "ఊరికే ఇంట్లో ఉంటుంది" అంటే, ఆ మాట రాసుకుని లేవకు. ఆమెనే పిలిచి అడుగు.

అసలు నేను ఈ ఉత్తరం రాస్తున్నది వేరే సంగతి కోసం. 2001 ఫిబ్రవరిలో జనగణనకు నాకు కందుకూరు దగ్గర ఒక పల్లె ఇచ్చారు. ఊరి బయట చెరువు కట్ట కింద, సర్కారు తుమ్మ చెట్ల మధ్య గిరిజనులైన యానాదుల గుడిసెలు ఆరు ఉండేవి. నేను పగలు పదకొండింటికి వెళ్ళేసరికి మనిషి జాడ లేదు. తుమ్మకొమ్మ మీద ఆరేసిన వల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి, మూడు రాళ్ళ పొయ్యిలో బూడిద వెచ్చగా ఉంది, గుడిసె ముందు అన్నం కుండ కడిగి బోర్లించి ఉంది. మనుషులు అక్కడే బతుకుతున్నారని అవన్నీ చెబుతూనే ఉన్నా, దారిన పోయే రైతు ఒకాయన "వాళ్ళకు ఒక చోటంటూ ఉండదు సారూ" అంటే, ఆ మాట నా అలసటకు వాటంగా ఉండి వెనక్కి తిరిగాను. మార్చి 1 నుంచి 5 వరకు మళ్ళీ తిరిగి సరిచూసే గడువు ఉన్నా, ఆ కట్ట దిగలేదు. ఆ తర్వాత అచ్చయిన లెక్కల్లో ఆ ఊరి ఎస్టీల గడిలో సున్నా చూశాను. పంచాయతీ వార్డుల రిజర్వేషను జనాభా నిష్పత్తిని బట్టే వస్తుందని పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి నేనే. కందుకూరు అప్పుడు ప్రకాశం జిల్లాలోనే ఉండేది. 2001లో ప్రకాశం జనాభా 30,59,423 అని చివరి అంకె దాకా కచ్చితంగా అచ్చు వేశారు. ఆ అంకె కనబడినప్పుడల్లా అందులో లేని ఆ ఆరు పొయ్యిలే నాకు గుర్తుకొస్తాయి.

కనుక తాళం వేసిన ఇంటికీ, ఖాళీగా కనబడే గుడిసెకూ పొద్దుగూకే వేళ మళ్ళీ వెళ్ళు. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవారిని, ఇటుక బట్టీల్లో పని చేసేవారిని అడిగి మరీ వెతుకు. ఏమే, చీకట్లో చెరువు కట్టల మీద ఒంటరిగా తిరిగావని తెలిస్తే మాత్రం ఊరుకోను. ఫోను చెయ్యి, నీ స్కూటరు వెనక కూర్చుని నేనూ వస్తాను. టార్చిలైటుకు కొత్త బ్యాటరీలు వేసి ఉంచాను.

మీ మామయ్య