మొదటి ఎక్స్‌బాక్స్ లైవ్ డయలప్‌లో ఎందుకు పనిచేసేది కాదు?

ఎక్స్‌బాక్స్ లైవ్ అంటే మైక్రోసాఫ్ట్ గేమ్ కన్సోల్ ఎక్స్‌బాక్స్‌లో ఇతరులతో ఆన్‌లైన్‌లో ఆడుకునే సేవ. 2002 నవంబర్‌లో మొదలైన దీన్ని మైక్రోసాఫ్ట్ కావాలనే బ్రాడ్‌బ్యాండ్‌కి మాత్రమే పరిమితం చేసింది, అందుకే కన్సోల్‌లో బ్రాడ్‌బ్యాండ్ కేబుల్ పెట్టే ఈథర్నెట్ పోర్ట్ ఉంది గానీ డయలప్‌కి కావాల్సిన మోడెమ్ అసలు పెట్టలేదు. అప్పట్లో అమెరికాలో ఇంటర్నెట్ ఉన్న చాలా ఇళ్లలో ఇంకా డయలప్పే (ఫోన్ లైన్ మీద నడిచే నెమ్మది ఇంటర్నెట్), కాబట్టి కన్సోల్ కొన్నవాళ్లకి ఒళ్లు మండిందంటే వింతేమీ లేదు.

అసలు సమస్య ఆలస్యం. డయలప్‌లో డేటా వెళ్లి తిరిగి రావడానికి తరచుగా 200 మిల్లీసెకన్లు దాటేది, దానికి తోడు లైవ్ కిట్‌లోనే హెడ్‌సెట్ ఇచ్చారు కాబట్టి ఆటతో పాటు ఆడేవాళ్ల మాటలు కూడా అదే లైన్ మీద వెళ్లాలి. పైగా చాలా ఆటల్లో మ్యాచ్ నడిపేది మైక్రోసాఫ్ట్ సర్వర్ కాదు, ఆడేవాళ్లలో ఒకరి కన్సోలే (దాన్నే హోస్ట్ అంటారు). లైవ్ చూసుకునేది లాగిన్, ఫ్రెండ్స్ లిస్ట్, మ్యాచ్‌కి ఆడేవాళ్లని కలపడం లాంటివి.

ఉదాహరణకి 2004లో వచ్చిన హాలో 2 అనే షూటింగ్ ఆట తీసుకోండి. ఒక్కో మ్యాచ్‌లో 16 మంది దాకా ఆడగలిగేవాళ్లు, కానీ హోస్ట్ అయినవాడి లైన్ నత్తనడక నడిస్తే అందరికీ తిప్పలే, వాడు మధ్యలో వెళ్లిపోతే ఆట ఆగి ఇంకో కన్సోల్‌ని హోస్ట్‌గా వెతుక్కోవాల్సి వచ్చేది.

డయలప్‌లో కన్సోల్ ఆన్‌లైన్ అసలు సాధ్యమే కాదని చాలామంది అనుకుంటారు, అది తప్పు. ఆట పంపే డేటా నిజానికి చాలా తక్కువ. సెగా కంపెనీ కన్సోల్ డ్రీమ్‌కాస్ట్‌లో 56కె డయలప్ మోడెమ్‌తోనే నలుగురు కలిసి క్వేక్ 3 అరీనా అనే షూటింగ్ ఆట ఆడేవాళ్లు, కాకపోతే గురి కుదరడమే కష్టం.