బీబీఏకు అమ్మాయిని ఏ దేశం పంపాలి?

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. మా అమ్మాయి ఇంటర్ ఎంఈసీ రెండో సంవత్సరం చదువుతోంది. బీబీఏకు విదేశాలకు పంపాలని నిర్ణయించుకున్నాం. అమెరికా, బ్రిటన్, జర్మనీలలో ఏది మంచిది? తుర్కయంజాల్‌లో ఉన్న ప్లాటు అమ్మాలనుకుంటున్నాం. నెలాఖరులోగా అడ్వాన్సు కట్టమని కన్సల్టెన్సీ వారు తొందరపెడుతున్నారు. అమ్మాయి నెమ్మదస్తురాలు, నలుగురిలో నోరు విప్పదు. అక్కడ ఇమడగలదా అని నాకు నిద్ర పట్టడం లేదు. చిలుకూరులో 11 ప్రదక్షిణలు కూడా చేసి వచ్చాను. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది దేశం గురించే అయినా, మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ‘ఇమడగలదా’ అన్న ఆ ఒక్క మాట. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తూనే ఉంటాయి. పేట మారుతుంది, గ్రూపు మారుతుంది, ఈ మాట మాత్రం మారదు. అందుకే దేశాల సంగతి ముందు క్లుప్తంగా చెప్పేసి అక్కడికి వస్తాను.

అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీ సాధారణంగా నాలుగేళ్లు. మొదటి రెండేళ్లలో ఇతర సబ్జెక్టులు కూడా చదివిస్తారు కాబట్టి, బిజినెస్ తనకు పడదని మధ్యలో తెలిసినా మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మార్చుకునే వీలుంటుంది. ఇంగ్లండ్‌లో మూడేళ్లలో ముగుస్తుంది, ఒక ఏడాది ఖర్చు తగ్గుతుంది, కానీ మొదటి రోజు నుంచే ఎంచుకున్న సబ్జెక్టుకు కట్టుబడి ఉండాలి. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదన్నది నిజమే. అయితే బ్యాచిలర్ స్థాయిలో అక్కడి కోర్సులు ఎక్కువగా జర్మన్ భాషలోనే నడుస్తాయి, మన ఇంటర్ ఒక్కటే ప్రవేశానికి సాధారణంగా చాలదు, పైగా జీవన వ్యయానికి ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు కొంత చొప్పునే తీసుకోగల ఖాతాలో) ముందే వేసి చూపాలి. జర్మన్ ఒక్క ముక్క రాని పిల్లను ఫీజు లేదన్న ఒకే కారణంతో అక్కడికి పంపడం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడు కన్సల్టెన్సీలలో ఎక్కడ చూసినా వినిపిస్తున్న ‘బిజినెస్ అనలిటిక్స్’ (గణాంకాలను విశ్లేషించి వ్యాపార నిర్ణయాలకు దారి చూపే చదువు) గురించి మీ ఉత్తరంలో లేకపోయినా చెప్పాలి, ఎందుకంటే రేపు మీ చేత కూడా అదే ఎంచుకోమంటారు. అమెరికాలో చదువయ్యాక ఓపీటీ (విద్యార్థి వీసా మీదే చదివిన రంగంలో పనిచేసే అనుమతి) కింద 12 నెలలు పనిచేయవచ్చు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉన్న కోర్సు అయితే మరో 24 నెలలు కలుస్తాయి. మామూలు బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ ఆ జాబితాలో లేదు, అనలిటిక్స్ ఉంది. ఈ 24 నెలల కోసమే, గణాంక శాస్త్రమంటే భయపడే పిల్లలను సైతం అందులో చేర్చడం నేను చూస్తున్నాను. అంకెలంటే ఇష్టమున్న వారికి అది నిస్సందేహంగా మంచి చదువు. వీసా కోసం చేరిన వారు మాత్రం, ఆ గడువు ముగిసేసరికి ఏటా 85,000 మందికి పరిమితమైన హెచ్‌-1బీ ఉద్యోగ వీసా కోసం పేరు రాయించుకుని, వస్తుందో రాదో తెలియక ఎదురుచూస్తుంటారు. బ్రిటన్‌లోనూ చదువు తర్వాత ఉండే రెండేళ్ల గడువు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ విద్యార్థులకు 18 నెలలకు తగ్గుతోంది. ఇప్పుడు చేరే పిల్ల పట్టా పుచ్చుకునేలోపు ఇంకా ఏం మారుతుందో ఎవరు చెప్పగలరు? ఇవాళ్టి వీసా నిబంధనను నమ్ముకుని ప్లాటు అమ్మకండి. చదువును నమ్మితే అమ్మండి.

మీకు కష్టం కలిగినా ఒక మాట సూటిగా చెప్పాలి. నిర్ణయించుకున్నాం, అమ్మాలనుకుంటున్నాం అని రాశారే గాని, అమ్మాయి ఏమందో ఒక్క ముక్క రాయలేదు. నా కౌన్సెలింగ్ గదిలోనూ ఇదే జరుగుతుంది. ‘నీకేం చదవాలని ఉందమ్మా’ అని నేను పిల్లను అడుగుతాను. ఆమె పెదవి కదిపేలోపే తండ్రి జవాబు చెబుతారు, తల్లి దాన్ని సవరిస్తారు, పిల్ల మాత్రం చున్నీ అంచును వేలికి చుట్టుకుంటూ కూర్చుంటుంది. ఆ తర్వాత మా పిల్ల నోరు విప్పదని నాతో అంటారు. విప్పే అవకాశం ఇంట్లో ఎవరిచ్చారు? రేపు నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో అధికారి ముందు నిలబడి, ఈ కోర్సే ఎందుకు, ఆ కాలేజీయే ఎందుకు అన్న ప్రశ్నలకు బదులివ్వాల్సింది ఆమె, మీరు కాదు.

బిజినెస్ చదువుకు ఈ నోరు విప్పడం మరీ అవసరం. ఇంజినీరింగ్‌లో లెక్క సరిగ్గా వస్తే మౌనంగా ఉన్నా చెల్లుతుంది. బిజినెస్ తరగతిలో ఒక సంస్థ ఎదుర్కొన్న చిక్కును ముందే చదువుకుని వచ్చి, నువ్వైతే ఏం చేసేదానివో చెప్పమంటారు, చాలా కోర్సుల్లో ఆ మాట్లాడడానికే మార్కులుంటాయి. పైగా అక్కడి ఉదాహరణలన్నీ అక్కడి దుకాణాలు, అక్కడి ఆటలు, అక్కడి పండుగ బేరాలే. కోఠి బజారులో బేరం ఎలా సాగుతుందో పుట్టినప్పటి నుంచి చూసిన పిల్ల, ధర అడగకుండా కొనే మనుషులను మొదటిసారి అర్థం చేసుకోవాలి. అది కష్టమే, కానీ విదేశంలో బిజినెస్ చదవడం వల్ల వచ్చే అసలు లాభం కూడా అదే.

నా దగ్గరికి వచ్చి ఇంగ్లండ్ వెళ్లిన ఒక అమ్మాయి మీ అమ్మాయిలాంటిదే. మొదటి టర్మ్‌లో ఐదుగురి జట్టుకు స్లైడ్లన్నీ తానే రాత్రంతా కూర్చుని చేసింది. జట్టు సభ్యులు ఒకరికొకరు మార్కులు వేసుకునేటప్పుడు మిగతా నలుగురూ ‘ఈమె పాలుపంచుకోవడం లేదు’ అని రాశారు, ఎందుకంటే సమావేశాల్లో ఆమె గొంతు ఎవరూ వినలేదు. ఫోన్లో చాలాసేపు ఏడ్చింది. సమావేశం మొదలైన పది నిమిషాల్లో ఒక్క వాక్యమైనా, తప్పయినా సరే, అనమని చెప్పాను. ఆ వాక్యాన్ని ముందురోజే కాగితం మీద రాసుకుని వెళ్లేది. అధ్యాపకుల గదికి వెళ్లడమూ అలాగే అలవాటు చేసుకుంది. మన దగ్గర హెచ్‌ఓడీ గదికి పిలుపు వస్తే ఏదో తప్పు జరిగినట్టు, అక్కడ సందేహాలు తీర్చడానికే వారానికి కొన్ని గంటలు కేటాయిస్తారు. రెండో ఏడాదికి ఆమెను జట్టులోకి రమ్మని తోటివారే అడిగారు. నెమ్మదితనం పోలేదు, పోనవసరం లేదు కూడా. కాబట్టి మీరు భయపడుతున్నంత ప్రమాదమేమీ లేదమ్మా. నెమ్మదస్తులు బాగా వింటారు, వినడం తెలిసినవారు పరాయి సంస్కృతిని త్వరగా పట్టుకుంటారు. మొదట్లో మన తెలుగు పిల్లలతో కలిసి ఉండి పప్పన్నం తిన్నా తప్పు లేదు, తరగతి జట్టులో మాత్రం ఇతరులను వెతుక్కోమనండి.

ఒక్క జాగ్రత్త ఇప్పటి నుంచే నేర్పండి. సీనియర్ రికార్డు చూసి రాసుకోవడం ఇక్కడ మామూలు విషయంలా చలామణీ అవుతుంది. అక్కడ మూలం చెప్పకుండా ఒక పేరా ఎత్తి రాసినా విచారణ దాకా వెళుతుంది, కోర్సు నుంచి తొలగించే అధికారం కూడా వారికి ఉంటుంది.

పద్దెనిమిదేళ్లకే పంపి తీరాలన్న నియమం లేదు. డిగ్రీ హైదరాబాద్‌లో చదివి, గచ్చిబౌలి వైపు ఏదైనా సంస్థలో రెండేళ్లు పనిచేసి, తర్వాత మాస్టర్స్‌కు వెళ్లవచ్చు. ఐఐఎం ఇందోర్ 2011లో మొదలుపెట్టిన ఐదేళ్ల కోర్సులో ఇంటర్ తర్వాతే చేరవచ్చు. నా మనసు ఈ దారి వైపే మొగ్గుతుంది, అయినా అమ్మాయి తానే వెళతానంటే అడ్డు చెప్పను.

కన్సల్టెన్సీల్లో చాలావాటికి విశ్వవిద్యాలయాల నుంచి కమీషన్ ముడుతుంది, ఈ నెలాఖరు తొందర వారిదే గాని మీది కాదు. అడ్వాన్సు కట్టకండి. రెండు వారాల పాటు ఇంట్లో ఎవరూ ఈ ఊసెత్తకుండా, తనకేం కావాలో, ఎందుకు కావాలో ఒక పేజీ రాయమని అమ్మాయికి చెప్పండి. మీరు దిద్దకుండా, తెలుగులో రాసినా సరే, అది ఆమె చేతనే నాకు పంపించండి.