పాలు తెల్లగా కనిపించినంత మాత్రాన

బిడ్డా,

మొయినాబాద్ దగ్గర షెడ్డు తీసుకుని హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) జాతి ఆవులు తెచ్చావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో మళ్ళీ పాడి మొదలైందంటే కడుపు నిండినట్టుంది. టెన్షన్ కూడా పట్టుకుంది. దాణా, గడ్డి, పాల రేటు నువ్వు చూసుకుంటావు. నేను రాసేది పొదుగువాపు గురించే.

షెడ్డు పొడిగా ఉంచు. ఒక్కో ఆవుకు ఒక్కో గుడ్డ వాడు. పిండాక చన్నులను అయోడిన్ మందులో ముంచి, వెంటనే మేత వెయ్యి. చనురంధ్రం మూసుకోవడానికి అరగంటైనా పడుతుంది, అందాకా ఆవు నిలబడే ఉండాలి.

మీ నాన్న ఈ పని వద్దని ఎందుకంటున్నాడో నీకు తెలియదు. నువ్వు పుట్టక ముందు మనకో జెర్సీ ఆవు ఉండేది. ఒకరోజు వెనక ఎడమ చన్ను దగ్గర పొదుగు గట్టిపడింది, చెయ్యి వేస్తే కాలింది, పాలలో పెరుగు తునకలు వచ్చాయి. డాక్టర్ సూదులు, చన్నులోకి ఎక్కించే మందు ట్యూబులు రాసిచ్చాడు. రెండో రోజుకే పాలు తెల్లగా వచ్చేసరికి మీ నాన్న మందు ఆపేశాడు. డబ్బు కూడా కటకటగా ఉండె మరి. కొన్నాళ్ళకు వాపు తిరగబెట్టింది. క్రిములు లోపల దాక్కున్నాయి. ఆ భాగం రాయిలా గట్టిపడి ఎండిపోయింది. ఆ చేత్తోనే మిగతా ఆవులనూ పిండాడు, ఇంకో దానికీ అంటింది. చివరికి జెర్సీని నార్సింగి సంతలో అడిగినంతకు ఇచ్చేసి, ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆయనను నిష్ఠూరమాడకు, అప్పుడు చెప్పేవాళ్ళు లేరు. నీకు చెప్పడానికి నేనున్నాను. కోర్సు మధ్యలో ఆపావని తెలిస్తే మాత్రం అక్కడికొచ్చి తిడతాను.

ప్రతి పూటా మొదటి ధారలు నల్లగిన్నెలోకి పిండి చూడు, నేల మీద వద్దు. కానీ పైకి ఏమీ కనబడని వాపు కూడా ఉంటుంది, పాలు తగ్గడం తప్ప గుర్తే ఉండదు. అందుకే నెలకోసారి సీఎంటీ చెయ్యి, అంటే దాగిన పొదుగువాపును పట్టే పాల పరీక్ష. నాలుగు గుంటల ప్లేటులో ఒక్కో చన్ను పాలు ఒక్కో గుంటలో వేసి, పాలు ఎంతో అంతే పరీక్ష మందు కలిపి తిప్పు. పలచగా ఉంటే మంచిది. జిగురులా చిక్కబడితే ఆ చన్నులో గొడవ ఉన్నట్టే.

అనుమానం వస్తే సొంతంగా సూది వెయ్యకు. మందు మొదలుపెట్టక ముందే, చనుమొన స్పిరిట్‌తో తుడిచి, మొదటి ధారలు వదిలేసి, శుభ్రమైన సీసాలో పాలు పట్టి ఐస్‌లో పెట్టు. ఏ మందు పనిచేస్తుందో పరీక్ష చేయించమని డాక్టర్‌ను అడుగు. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ నీకు దగ్గరే, వాళ్ళనూ అడిగి చూడు. ట్యూబు ఎక్కించే ముందు కూడా స్పిరిట్ మరవకు. జబ్బు ఆవును అన్నిటికంటే చివర పిండు. మందు వేశాక పాలు వాడకూడదని ట్యూబు మీద రాసిన రోజులు దాటే దాకా ఆ ఆవు పాలు కేంద్రానికి పొయ్యకు, కాచినా మందు పోదు, పసిపిల్లలు తాగుతారు.

ఆవు మేత మాని, చెవులు చల్లబడి, లేవలేకపోతే తెల్లారే దాకా ఆగకు. వెంటనే డాక్టర్‌ను పిలిపించు, పశువుల అంబులెన్స్ నంబరు 1962కి కూడా ఫోన్ చెయ్యి.

ఇక ఈనడానికి రెండు నెలల ముందు పాలు ఆపేటప్పుడు నాలుగు చన్నులకూ వేసే ట్యూబులు వేరే ఉంటాయి. నీ ఆవుల్లో చూలు కట్టినవి ఎన్ని, ఏ నెలలో ఈనుతాయో రాసి వాట్సాప్‌లో పెట్టు.

మీ పెద్దమ్మ