రన్‌ఫ్లాట్ తీసేసి మామూలు టైర్లు వేస్తే కేసవుతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో ఒక జర్మన్ కారు కొన్నాను. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇంకో ఏడాది ఉంది. నాలుగూ రన్‌ఫ్లాట్ టైర్లే (గాలి పోయినా కొంత దూరం నడిచేవి), డిక్కీలో స్టెప్నీ లేదు. ముందు రెండూ బాగా అరిగిపోయాయి. గతుకు వస్తే చాలు నడుం పట్టేస్తోంది, అందుకని మామూలు ట్యూబ్‌లెస్ వేయిద్దామనుకున్నాను. టైర్ల షాపతను ‘ఏం కాదు సార్, అందరూ వేస్తున్నారు’ అన్నాడు. సర్వీస్ సెంటర్‌లో మాత్రం ‘వారంటీ పోతుంది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ రాదు, మోడిఫికేషన్ కింద ఆర్‌టీఓ వాళ్లు కేసు రాస్తారు’ అని భయపెట్టారు. ఎవరి మాట నమ్మాలి? ప్రస్తుతానికి ముందు రెండే మారిస్తే సరిపోతుందా? — ఒక పాఠకుడు

జవాబు: షాపతను చెప్పింది ముప్పావు నిజం, సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పింది పావు నిజం. టైర్ల రకం మార్చుకోవడానికి చట్టం అడ్డు రాదు. కానీ మీరు చివర్లో మాటవరసకు అడిగారు చూడండి, ‘ముందు రెండే’ అని, నాకు దిగులు పుట్టించింది అదీ. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఆర్‌టీఓ భయం తీర్చేద్దాం. మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 ఉంది. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ పొంతన లేకుండా పోయేలా యజమాని బండిని మార్చకూడదని దాని సారం. ‘మార్పు’ అంటే ఏమిటో ఆ సెక్షన్ కిందే వివరణ ఇచ్చారు: బండి నిర్మాణంలో తేడా రావాలి, ఆ తేడా వల్ల బండి మౌలిక లక్షణం మారాలి. పైకప్పు కోసేయడం, ఛాసిస్ పొడిగించడం లాంటివి ఈ లెక్కలోకి వస్తాయి. అరిగిపోయే వస్తువైన టైరు తీసి అదే సైజు టైరు వేయడం నా అభిప్రాయంలో రాదు.

మీ ఆర్‌సీ ఒకసారి బయటికి తీయండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, సీట్లు, రంగు, వీల్‌బేస్, ఖాళీ బండి బరువు కనిపిస్తాయి. టైర్ల వివరాలు రాసే గడులు లారీల్లాంటి రవాణా వాహనాలకే. సొంత కారు ఆర్‌సీలో టైరు ఊసే ఉండదు. ఒక కుర్ర లాయరు ఈ మధ్య నాతో వాదానికి దిగాడు: రన్‌ఫ్లాట్ బరువు ఎక్కువ కదండీ, అవి తీసేస్తే ఖాళీ బరువు తగ్గి ఆర్‌సీతో తేడా రాదా అని. తెలివైన ప్రశ్నే. కానీ అదే లెక్క పట్టుకుంటే డిక్కీలోంచి స్టెప్నీ దించి ఇంట్లో పెట్టినవాడూ నేరస్తుడే కావాలి.

సర్వీస్ సెంటర్ వాళ్ల మాటకు మూలం బహుశా 2019 జనవరి నాటి సుప్రీంకోర్టు తీర్పు అయి ఉంటుంది. కేరళ నుంచి వెళ్లిన ఆ కేసులో, తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లు మారిపోయేలా బండిని మార్చడం కుదరదని కోర్టు చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో సెక్షన్ 182ఎ(4) వచ్చి చేరింది: అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఈ రెండూ కలిసి జనం నోట్లో నాని నాని, కంపెనీ బిగించిన నట్టు తిప్పినా కేసే అన్నంత దూరం పోయింది. మీరు రిమ్ముల సైజు పెంచి, టైర్లు బాడీ బయటికి పొడుచుకొచ్చేలా వేస్తానంటే మాత్రం నేను ఇంత ధీమాగా మాట్లాడను.

అసలు చట్టం టైరు రకం కంటే టైరు పరిస్థితినే ఎక్కువ పట్టించుకుంటుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో రూల్ 94 చూడండి. గాలి సరిగా ఉండాలి, లోపలి పొరలు బయటపడకూడదు, ఎక్కడా ఉబ్బు కనిపించకూడదు, కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. ఇప్పుడు మీ ఉత్తరం మళ్లీ చదివితే నవ్వొస్తుంది. రేపు ఎవరైనా మీ కారు ఆపి చలానా రాయాలనుకుంటే వాళ్లకు దొరికేది ఇంకా వేయని మామూలు టైర్లు కాదు, ముందున్న ఆ అరిగిన రన్‌ఫ్లాట్లే.

కొత్తవి కొనే ముందు కారు పక్కన గొంతుక్కూర్చుని పాత టైరు పక్కగోడ మీద అక్షరాలు చదవండి. మీ సైజు రాయలేదు కాబట్టి ఉదాహరణకు 225/50 ఆర్17 94డబ్ల్యూ అనుకుందాం. పక్కనే ఎక్కడో రన్‌ఫ్లాట్ గుర్తు ఉంటుంది. బ్రిడ్జ్‌స్టోన్ అయితే ఆర్‌ఎఫ్‌టీ, మిషెలిన్ అయితే జడ్‌పీ, కాంటినెంటల్ అయితే ఎస్‌ఎస్‌ఆర్. ఆ గుర్తు పోయినా ఫర్వాలేదు. పోకూడనివి సైజు తర్వాత వచ్చే ఆ అంకె (దాన్నే లోడ్ ఇండెక్స్ అంటారు), ఆ అక్షరం. 94 అంటే ఒక్కో టైరు 670 కిలోలు మోయగలదని, డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని. షాపులో 94 స్టాకు లేక ‘ఇదీ అదే సైజు సార్’ అంటూ 91 చూపించారనుకోండి, దాని మోత 615 కిలోలే. టైరుకు 55 కిలోల చొప్పున నాలుగింటికి 220 కిలోలు తగ్గిపోయింది. ప్రమాదం తర్వాత బీమా కంపెనీ పంపే సర్వేయర్ ఫోన్ తీసి ఫొటో కొట్టేది ఈ అంకెనే. కంపెనీ చెప్పినదానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉంటే మీ కేసు బలంగా ఉంటుంది, తగ్గితే నాలాంటివాడు ఎంత వాదించినా కష్టమే. ఐఎస్‌ఐ గుర్తు కూడా చూసుకోండి, కారు టైర్లకు అది తప్పనిసరి.

ఇక ‘ముందు రెండే’ సంగతి. రన్‌ఫ్లాట్ పక్కగోడ బిరుసు. గాలి పూర్తిగా పోయినా బండి బరువును ఆ గోడే మోస్తుంది కాబట్టే గంటకు 80 కిలోమీటర్లు మించకుండా సుమారు 80 కిలోమీటర్లు పోనిస్తుంది. మీ నడుం నొప్పికీ కారణం ఆ బిరుసే. మామూలు టైరు పక్కగోడ మెత్తగా వంగుతుంది. ముందు మెత్తవి, వెనక బిరుసువి ఉంటే మలుపులోనో, గట్టిగా బ్రేకు కొట్టినప్పుడో రెండు ఇరుసులూ రెండు రకాలుగా స్పందిస్తాయి. రెండూ కలిపి వాడొద్దని కార్ల కంపెనీలూ టైర్ల కంపెనీలూ చెప్పేది అందుకే.

ఇక్కడ మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 190(1) వస్తుంది. ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసి గానీ, మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉండి గానీ బండి నడిపితే 1,500 రూపాయల జరిమానా. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా దెబ్బ తగిలినా, ఆస్తి నష్టం జరిగినా మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రకాలు కలపడం దానంతటదే ఈ సెక్షన్ కిందికి వస్తుందని నేననను. కానీ బండి అదుపు తప్పిన కేసులో అవతలి లాయరు మొదట పట్టుకునే దారం అదే. ఇలా ఉత్తరం రాసి జవాబు కూడా చదివాక ‘నాకు తెలియదు’ అనే తలుపు మీకు మూసుకుపోయింది, ఏమీ అనుకోకండి. మారిస్తే నాలుగూ ఒకేసారి మార్చండి. ఇప్పుడు కుదరదంటారా, ముందు రెండూ రన్‌ఫ్లాట్లే వేయించి, నాలుగూ అరిగేదాకా ఆగండి.

వారంటీ విషయంలో సర్వీస్ సెంటర్ మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. వారంటీ అనేది ఒప్పందం. షరతు అందులో రాసి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అడ్వైజర్ నోట్లోంచి కొత్త షరతు పుట్టదు. మీది ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటున్నారు కాబట్టి దానికి వేరే పుస్తకం ఉంటుంది, మినహాయింపుల పేజీ చదవండి. రన్‌ఫ్లాట్ ‘సిఫారసు చేస్తున్నాం’ అని ఉందా, ‘వాడకపోతే వారంటీ వర్తించదు’ అని ఉందా? ఈ రెండింటికీ కోర్టులో భూమ్యాకాశాల తేడా. తర్వాత అదే సర్వీస్ సెంటర్‌కు ఒక ఈమెయిల్ పెట్టండి: ‘ఫలానా సైజు, ఫలానా లోడ్ ఇండెక్స్ మామూలు టైర్లు వేయిస్తున్నాను. దీనివల్ల వారంటీ పోతుందని చెప్పారు. ఏ క్లాజు ప్రకారమో తెలపండి.’ నోటితో గట్టిగా చెప్పినవాళ్లు రాతలో చాలా మెత్తబడిపోతారు, నా అనుభవం.

2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారాల మధ్య పోటీ సక్రమంగా ఉండేలా చూసే సంస్థ) 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వు కూడా మీకు పనికొస్తుంది. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందని గంపగుత్త షరతు పెట్టకూడదని, బయటి పని లోపం వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించవచ్చని అందులో ఉంది. కంపెనీలు దాని మీద అప్పీళ్లకు వెళ్లాయి, అది వేరే కథ. తర్కం మాత్రం గట్టిది. టైర్లు మార్చాక ఏసీ కంప్రెసర్ పాడైతే టైర్లకూ దానికీ ఏం సంబంధమో కంపెనీయే చెప్పాలి. వీల్ బేరింగో, టైరు బిగించేటప్పుడు విరిగిన ప్రెషర్ సెన్సరో అయితే మీ వాదన బలహీనమే.

బీమాలోనూ కథ ఇదే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఆ టైరు వల్లే జరిగిందా? థర్డ్ పార్టీ గురించి నిశ్చింతగా ఉండండి. బాధితులకు డబ్బు కట్టకుండా బీమా కంపెనీ తప్పించుకోగల కారణాలు చట్టంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, టైరు రకం వాటిలో లేదు. చిక్కంతా మీ కారు రిపేరు క్లెయిమ్‌తోనే. బండిని మంచి స్థితిలో ఉంచుకోవాలనే షరతు పాలసీలో ఉంటుంది, దాన్ని చూపిస్తారు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మీ కారును వెనక నుంచి వ్యాను గుద్దిందనుకుందాం. మీ టైర్లు రన్‌ఫ్లాట్ అయితే మాత్రం ఆ వ్యాను ఆగేదా? 1996లో ఒక లారీ కేసులో సుప్రీంకోర్టు దాదాపు ఇదే దృష్టితో చూసింది. ఆరుగురిని ఎక్కించుకోవాల్సిన బండిలో తొమ్మిదిమంది ఉన్నారని బీమా కంపెనీ క్లెయిమ్ తిప్పికొడితే, ఆ అదనపు మనుషుల వల్ల ప్రమాదం జరగలేదు కదా, ఒప్పందాన్ని మొదలంటా దెబ్బతీసే ఉల్లంఘన ఏముందని అడిగి యజమాని వైపు నిలిచింది. 2016లో మరో కేసులోనూ అదే మాట చెప్పింది. అదే మీ టైరు వేగంగా పోతుండగా పగిలి బండి డివైడర్‌ను గుద్దితే లెక్క వేరు. అప్పుడు ఆ 94, 91 అంకెలే మిమ్మల్ని కాపాడతాయి, లేదా ముంచుతాయి.

కాబట్టి టైర్లు మార్చిన వారంలోనే బీమా కంపెనీకి ఒక మెయిల్ పెట్టి, బిల్లు జతచేయండి. వాళ్ల అనుమతి కోసం కాదు, దాచిపెట్టారనే మాట రాకుండా. పాలసీలో టైర్లకు ప్రత్యేకంగా కవర్ తీసుకుని ఉంటే ఇది మరీ ముఖ్యం. బిల్లు మీద ‘టైర్లు 4’ అని రాయించుకుని వచ్చేస్తే లాభం లేదు. బ్రాండు, పూర్తి సైజు, లోడ్ ఇండెక్స్, బండి నంబరు ఉండాలి. ఇంత చేసినా క్లెయిమ్ తిరస్కరిస్తే, ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వాళ్లు కాదన్నా, 30 రోజుల్లో జవాబు రాకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. అక్కడ ఫీజు లేదు, 50 లక్షల దాకా పరిహారం ఇప్పించగలరు, గడువు ఏడాది. లాయర్లను లోపలికి రానివ్వరు, కాబట్టి నా ఖర్చు కూడా మీకు మిగులుతుంది. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ల గడువు.

స్టెప్నీ లేకపోవడం నేరమా అని మీరు అడగలేదు గానీ, టైర్లు మార్చగానే వచ్చే సందేహం అదే. ట్యూబ్‌లెస్ టైర్లు, టైరు ప్రెషర్ చూపించే వ్యవస్థ, పంక్చర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదని కేంద్రం 2020 జులైలో నియమాలు సవరించింది. మీ కారులో ప్రెషర్ వ్యవస్థ ఎలాగూ ఉంటుంది, టైర్లు మార్చాక దాన్ని రీసెట్ చేయించి కిట్ ఒకటి కొని పెట్టుకోండి. ఆ బండి మీ ఇంట్లో ఇంకెవరైనా నడుపుతుంటే, ప్రెషర్ లైటు వెలిగాక ఇదివరకులా 80 కిలోమీటర్లు పోవడం ఇక కుదరదని, వెంటనే పక్కకు తీసి ఆపాలని వాళ్లకు చెప్పండి.

రేపు కారు అమ్మేటప్పుడూ ఇదే సంగతి. అడగకపోతే ఊరుకోవడం మోసం కాకపోవచ్చు. కానీ ప్రకటనలో ‘రన్‌ఫ్లాట్ టైర్లు’ అని రాసినా, అడిగినవాడికి అవునన్నా ఒప్పందాల చట్టం, 1872లోని సెక్షన్ 17 ప్రకారం అది మోసమే. టైర్ల బిల్లు ఆర్‌సీ కవర్లోనే ఉంచండి, కొనేవాడికి కారుతో పాటే అదీ చూపించవచ్చు.