పింట్‌కి పదికి ఎన్ని? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చదువుకో, ఉద్యోగానికో ఐర్లండ్ వెళ్లిన పిల్లలు ఉన్నారు. అక్కడినుంచి వాళ్లూ, ఇక్కడినుంచి వాళ్ల పెద్దలూ నల్లబీరు (స్టౌట్; అందులో పేరున్నది డబ్లిన్ గిన్నిస్) గురించి అడిగిన ప్రశ్నలు ఈసారి తీసుకున్నాం. మద్యానికి కనీస వయసు ఆంధ్రప్రదేశ్‌లో 21, ఐర్లండ్‌లో 18. అలవాటు లేనివాళ్లు ఈ పేజీ చదివి కొత్తగా మొదలుపెట్టవద్దు.

ప్రశ్న: మాది రాజాం, ఉండేది డబ్లిన్. మా పేటలో ఉన్న పబ్బులన్నీ తిరిగి, ఒక్కోచోట స్టౌట్ తాగి పదికి మార్కులు వేద్దామని రూమ్మేట్లం అనుకున్నాం. అన్నిచోట్లా అదే గిన్నిస్ కదా, తేడా ఎందుకొస్తుంది? దేనికెన్ని వేయాలి?

జవాబు: బీరు ఒకటే. మీరు మార్కులు వేసేది ఆ బీరును పబ్బు ఎంత జాగ్రత్తగా చూసుకుంటోందన్నదానికి. ఆర్థర్ గిన్నిస్ 1759లో కౌలుకు తీసుకున్న సెయింట్ జేమ్స్ గేట్ బ్రూవరీ (బీరు తయారీ కేంద్రం) నుంచి కెగ్గులు (బీరు నింపిన లోహపు పీపాలు) బయల్దేరేటప్పుడు అన్నీ సమానమే. 50 లీటర్ల కెగ్‌కి సుమారు 88 పింట్లు వస్తాయి. పింట్ అంటే 568 మి.లీ. ఆ తర్వాత కెగ్ పెట్టిన గది, గ్యాస్, గొట్టం, ట్యాపు, గ్లాసు, పోసే చెయ్యి – తేడా అంతా వీటిలోనే.

నురగకు 3 మార్కులు పెట్టుకోండి. మందం 15 నుంచి 20 మి.మీ. ఉండాలి, గ్లాసు అంచుకు కాస్త పైకి ఉబ్బి నిలవాలి, బుడగలు విడివిడిగా కంటికి ఆనకూడదు. పెద్ద బుడగలు కనబడితే బీరు వెచ్చబడిందని గానీ, గ్యాస్ పాళ్లు తప్పాయని గానీ అర్థం. స్టౌట్‌కి ఉత్త కార్బన్ డయాక్సైడ్ వాడరు. నైట్రోజన్ సుమారు 75 పాళ్లు, కార్బన్ డయాక్సైడ్ 25 పాళ్లు కలిపిన గ్యాస్ వాడతారు. నైట్రోజన్ బీరులో చాలా కొద్దిగానే కరుగుతుంది. ట్యాపు లోపల సన్నటి రంధ్రాలున్న పలక ఒకటి ఉంటుంది. ఒత్తిడి మీద బీరు అందులోంచి దూరేటప్పుడు ఆ కాస్త నైట్రోజన్ నలుసంత బుడగలై విడిపోతుంది, మీగడలాంటి నురగ దానివల్లే. మామూలు లాగర్ (లేతరంగు బీరు) గ్యాస్ తగిలిస్తే నాలుక చురుక్కుమంటుంది, నురగ గబగబా పొంగి అంతే వేగంగా కూలిపోతుంది.

రుచికి 3. బార్లీని 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేయించడం వల్ల కాఫీ చేదు, ముదురు రంగు వస్తాయి. గ్లాసును దీపానికి అడ్డం పెట్టి చూడండి, నలుపు కాదు, కెంపు ఎరుపు. చేదు తర్వాత గొంతులో కాస్త పొడిదనం మిగలడం సహజం. పులుపు, వెనిగర్ వాసన, వెన్న కాచిన వాసన తగిలాయంటే మాత్రం గొట్టాల్లో బ్యాక్టీరియా చేరింది, వాళ్లు కడిగి చాలా రోజులైంది. అలాంటి పింట్‌కి రుచిలో సున్నా వేసి, తాగకుండా వెనక్కిచ్చేయండి. మర్యాదగా చెబితే మంచి పబ్బు మార్చి ఇస్తుంది.

గ్లాసుకు 2. తాగుతున్నకొద్దీ ఒక్కో గుక్కకూ ఒక్కో తెల్లటి వలయం గ్లాసు లోపల అంటుకుని ఉండాలి. వలయాలు పడకుండా నురగ జారిపోతే గ్లాసుకు జిడ్డో, సబ్బో ఉంది. నురగ కింద లోపలి గోడకు బుడగలు అతుక్కుని కదలకుండా ఉన్నా అదే దోషం. లిప్‌స్టిక్ మరక కూడా నురగను చంపేస్తుంది. గ్లాసు కడిగే యంత్రంలోంచి అప్పుడే తీసిన వేడి గ్లాసులో పోస్తే ఎంత మంచి బీరైనా పాడే.

చల్లదనానికి 1. 6 డిగ్రీల ప్రాంతంలో ఉంటే సరి. 'ఎక్స్‌ట్రా కోల్డ్' అని రాసి ఉన్న ట్యాపు 3.5 డిగ్రీలకు దించి ఇస్తుంది. అంత చలికి నాలుక మొద్దుబారి వేయించిన బార్లీ రుచి తెలియదు. దాన్ని మామూలు పింట్లతో ఒకే పట్టికలో కలపవద్దు.

మిగిలిన 1 పోసిన తీరుకు. ట్యాపు మూతి బీరులో మునిగితే ఆ మార్కు పోయినట్టే, అది శుభ్రత లెక్క. ధరకు మార్కులు కలపకండి, పక్కన వేరే గడిలో రాసుకోండి. పర్యాటకులు తిరిగే టెంపుల్ బార్ వీధుల్లో పింట్ ఖరీదెక్కువ, కానీ దానికీ గొట్టం శుభ్రతకూ సంబంధం లేదు.

ఇంకో మాట. పబ్బు తెరవగానే మొదటి పింట్ మీరే తాగి మార్కులు వేయవద్దు. రాత్రంతా గొట్టంలో నిలవున్న బీరు అందులో వస్తుంది. నాలుగైదు పింట్లు పోయాక కూర్చోండి. స్టౌట్ ఎక్కువగా అమ్ముడయ్యే పబ్బులో కెగ్ త్వరగా ఖాళీ అవుతుంది, బీరు తాజాగా ఉంటుంది. పక్క బల్లల మీద ఎన్ని నల్ల గ్లాసులున్నాయో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

ప్రశ్న: రెండు విడతలుగా, 119 సెకన్లు పోయాలంటారు. అది నిజంగా అవసరమా? లోపల బుడగలు పైకి రావాల్సింది పోయి కిందికి దిగుతున్నట్టు కనిపిస్తుందేం? – బొబ్బిలి

జవాబు: కంపెనీ చెప్పే లెక్క 119.5 సెకన్లు. సెకన్లు ముఖ్యం కాదు, తేరుకోవడం ముఖ్యం. గ్లాసును 45 డిగ్రీలు వంచి, ట్యాపు పూర్తిగా తెరిచి, ముప్పావు వంతు నింపుతారు. గ్లాసు మీద వీణలాంటి హార్ప్ గుర్తు ఉంటే దాని దగ్గర ఆపుతారు. బీరు తేరుకుని, కింద నలుపు, పైన తెలుపు విడిపోయేదాకా కౌంటరు మీద వదిలేస్తారు. అప్పుడు గ్లాసు నిటారుగా పెట్టి, ట్యాపు పిడిని ఇందాకటికి వ్యతిరేక దిక్కుకు నెట్టి నెమ్మదిగా నింపుతారు. ఒకేసారి నింపేస్తే నురగ ఎంత మందం తేలుతుందో ముందుగా తెలియదు, పొంగినదాన్ని పారబోయాల్సి వస్తుంది. తేరుకోకముందే పైవిడత పోస్తే నురగ పలచబడుతుంది. నైట్రోజన్‌తో పోసే పద్ధతి 1959లో వచ్చింది, దాని వెనుక ఉన్నది మైఖేల్ యాష్ అనే గణితవేత్త.

బుడగల సంగతి చక్కటి భౌతికశాస్త్రం. బుడగలన్నీ పైకే పోవాలనుకుంటాయి. కానీ పింట్ గ్లాసు అడుగు సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది కాబట్టి నిటారుగా లేచే బుడగలు గోడకు దూరమవుతాయి. గోడ పక్కన బుడగలు తగ్గిన బీరు బరువెక్కి కిందికి దిగుతుంది, తనతో పాటు చిన్న బుడగల్ని లాక్కుపోతుంది. మధ్యలో మాత్రం ప్రవాహం పైకే. మనకు కనబడేది గోడ పక్కదే. లిమరిక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో దీన్ని లెక్కలతో చూపించారు. గ్లాసు ఆకారం తిరగేస్తే గోడ పక్కన బుడగలు పైకే పోతాయి.

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లి. మా గుంటడు అక్కడే కొలువు చేస్తన్నాడు. ఆ నల్ల బీరు తాగితే రక్తం పడతాదంట, బాలింతలకీ ఇస్తారంట. ఏటి, నిజమేనా బాబూ?

జవాబు: నిజం కాదమ్మా. 'గిన్నిస్ మీకు మంచిది' అని 1929 నుంచి ప్రకటనలు వేశారు, ఆ మాట అలా నిలిచిపోయింది. ఒక పింట్‌లో ఇనుము అర మిల్లీగ్రాము కూడా ఉండదు. వంద గ్రాముల చోడి (రాగి) పిండిలో దాదాపు 4 మి.గ్రా. ఉంటుంది. గర్భిణులకు గానీ, బాలింతలకు గానీ మద్యం ఏదీ ఇవ్వకూడదు. రక్తం తక్కువుంటే పరీక్ష చేయించి డాక్టరిచ్చే మాత్రలు వేయండి, చోడి అంబలి తాగించండి.

ప్రశ్న: మేం శాకాహారులం. ఇందులో చేప కలుస్తుందని విన్నాం. – చీపురుపల్లి

జవాబు: కలిపేవారు. బీరును తేట చేయడానికి చేపల గాలితిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ వాడేవారు. గిన్నిస్ ముందు కెగ్గులకు, తర్వాత సీసాలకు, క్యాన్లకు దాన్ని మానేసింది. 2018 తర్వాత ఆ పేచీ లేదు. వేరే బ్రూవరీల బీర్లకు విడిగా అడిగి తెలుసుకోండి. గోధుమ, బార్లీల్లోని గ్లూటెన్ పడనివాళ్లకు మాత్రం మామూలు స్టౌట్ ఏదీ పనికిరాదు, అది బార్లీతోనే తయారవుతుంది.

ప్రశ్న: నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. ఒక్కసారి తాగి వేసిన మార్కును ఎలా నమ్ముతాం? – విజయనగరం

జవాబు: ఈ ప్రశ్న మీరే అడగాలి, ఎందుకంటే మీరు క్లాసులో చెప్పే స్టూడెంట్ టి-పరీక్ష పుట్టింది ఈ బ్రూవరీలోనే. విలియం సీలీ గోసెట్ గిన్నిస్ ఉద్యోగి. కొద్దిపాటి నమూనాలతో బార్లీ గురించి, హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వు) గురించి ఎంతవరకు నమ్మకంగా చెప్పవచ్చన్నది అతని సమస్య. 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ఆ వ్యాసం అచ్చయింది.

ఒక పబ్బుకు కనీసం మూడు వేర్వేరు రోజులు వెళ్లాలి, అందులో ఒకటి రద్దీ రోజు, ఒకటి ఖాళీ రోజు కావాలి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకున్నాకే నోరు విప్పాలి. మొదట మాట్లాడినవాడి మార్కే మిగతావాళ్లకూ అంటుకుంటుంది, చాలా పట్టికలు చెడేది ఇక్కడే. సగటు ఒక్కటే కాక, ఎక్కువ తక్కువల తేడా కూడా రాయండి. ఎప్పుడూ 7 ఇచ్చే పబ్బు, ఒకరోజు 9 మరోరోజు 4 ఇచ్చే పబ్బు కంటే మేలని మా అభిప్రాయం.

కార్క్ నగరపు మర్ఫీస్, బీమిష్ స్టౌట్లను గిన్నిస్‌తో పోల్చాలంటే పేరు కనబడకుండా మూడు చిన్న గ్లాసులు పెట్టండి, రెండింటిలో ఒకటే బీరు, మూడోదానిలో వేరేది. వేరేది ఏదో కనిపెట్టాలి. ఊహించి చెబితే సరి అవడానికి మూడింట ఒక వంతు అవకాశం. వరసగా మూడుసార్లు ఊహతోనే సరిపోవడానికి 27లో 1.

ఐర్లండ్ బయట గిన్నిస్ రుచి తగ్గుతుందా అన్నదాని మీద 2011లో ఒక ఆహారశాస్త్ర పత్రికలో అధ్యయనం వచ్చింది. 14 దేశాల్లో 33 నగరాలు తిరిగి నూటికి మార్కులు వేస్తే సగటున ఐర్లండ్‌లో 74, బయట 57 వచ్చాయి. కానీ తాగేవాళ్లకు తామెక్కడున్నారో తెలుసు. ఆ 17 మార్కుల్లో బీరు వంతెంత, ఐర్లండ్‌లో ఉన్నామన్న సంబరం వంతెంత అన్నది మీ విద్యార్థులకు మంచి చర్చ.

ప్రశ్న: మా అబ్బాయి ఒక సాయంత్రం నాలుగు పబ్బులు తిరుగుతానంటున్నాడు. ప్రమాదం కాదా? – టెక్కలి

జవాబు: నాలుగు పబ్బుల్లో నాలుగు నిండు పింట్లు వద్దు. గిన్నిస్ డ్రాఫ్ట్‌లో ఆల్కహాల్ 4.2 శాతం, అంటే ఒక పింట్ దాదాపు రెండు ఐరిష్ ప్రామాణిక డ్రింకులు (ఒక్కోదానిలో 10 గ్రాముల ఆల్కహాల్). అక్కడి ఆరోగ్య శాఖ మగవాళ్లకు వారం మొత్తానికి పెట్టిన హద్దు 17, ఆడవాళ్లకు 11; అదీ ఒకేరోజు కాదు, మధ్యలో తాగని రోజులు ఉండాలి. ఐర్లండ్‌లో 'ఒక గ్లాస్' అని అడిగితే అర పింట్, 284 మి.లీ. ఇస్తారు. సాయంత్రానికి రెండు పబ్బులు, ఒక్కోచోట ఒక గ్లాస్ చాలు. మూడో గ్లాసుకు నాలుక ఎలాగూ తీర్పు చెప్పలేదు. నలుగురూ వంతులవారీగా అందరికీ కొనే రౌండ్ పద్ధతి అక్కడ ఉంది, అందులో చిక్కుకుంటే లెక్క దాటిపోతుంది. 'నాది నేనే కొనుక్కుంటాను' అని మొదటే చెప్పమనండి, ఎవరూ తప్పుపట్టరు. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లకు, లెర్నర్లకు అక్కడ హద్దు వంద మి.లీ. రక్తంలో 20 మి.గ్రా. మాత్రమే. బండి తీయకూడదు, అంతే.

ప్రశ్న: అన్నయ్య వస్తూ నాలుగు క్యాన్లు తెస్తానన్నాడు. శ్రీకాకుళంలో పబ్బు రుచి వస్తుందా? – శ్రీకాకుళం

జవాబు: దగ్గరగా వస్తుంది. క్యాన్‌లో ఆడేది ప్లాస్టిక్ గుండు, విడ్జెట్. మూత తెరవగానే ఒత్తిడి పడిపోయి, గుండులోని నైట్రోజన్ సన్నటి రంధ్రంలోంచి చిమ్ముకొస్తుంది. 440 మి.లీ. క్యాన్లు నాలుగంటే 1.76 లీటర్లు; సుంకం లేకుండా తెచ్చుకోగల 2 లీటర్లలో సరిపోతాయి, వేరే మద్యం ఏదీ తేకపోతేనే. చెకిన్ పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టమనండి. విశాఖ నుంచి కారులో వచ్చేటప్పుడు ఎండ తగిలే చోట ఉంచవద్దు. వెచ్చటి క్యాన్ తెరిస్తే సగం గదినిండా చిమ్ముతుంది. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో నిలబెట్టి కనీసం 3 గంటలు ఉంచండి, ఫ్రీజర్‌లో వద్దు. క్యాన్ మొత్తం పట్టే పెద్ద గ్లాసు తీసుకుని వంచి ఒకే ధారగా పోయండి, రెండు విడతలు క్యాన్‌కి అక్కర్లేదు. గ్లాసును ముందు వేడినీళ్లతో సబ్బు పోయేదాకా కడిగి, చల్లార్చి, బోర్లించి ఆరబెట్టండి. చీర కొంగుతోనో తువ్వాలుతోనో తుడిస్తే నూగు, జిడ్డు అంటుతాయి.

ప్రశ్న: మా తాటికల్లుకు ఇలా మార్కులు వేయొచ్చా? – సోంపేట

జవాబు: వేయొచ్చు, పట్టిక మాత్రం వేరు. కెగ్‌లోని స్టౌట్ పులియడం ఆగిపోయిన సరుకు. కల్లు కుండలో పడుతూనే పులుస్తుంది, తెల్లారి తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. అందుకని చెట్టు నుంచి దించిన వేళ, తాగిన వేళ రెండూ రాయకపోతే మార్కుకు అర్థం లేదు. కుండ శుభ్రతకు 3, నీళ్లు కలవని చిక్కదనానికి 3, తీపి పులుపుల పొందికకు 4 వేసుకోండి. తెలిసిన గీత కార్మికుడి దగ్గర, చెట్టు కిందే తీసుకోండి. మత్తు అనుమానంగా, అలవాటైనదానికి మించి ఉంటే మత్తుమందు కలిపారేమో, అక్కడే పారబోయండి.